పుంగనూరులో సగం, కుప్పంలో సగం

మా ఫిజిక్స్ సారు పోయారు. పుంగనూరు నుంచి వచ్చిన మా చిన్నాన్న చెప్పులు విప్పుతూ ఆ మాట చెప్పాడు. "అదేమ్మా, నీకు టేపురికార్డరని పేరొచ్చిందే, ఆ సారే. నిద్దట్లోనే పోయినాడంట." ఏడుపు కన్నా ముందు నాకు సిగ్గేసింది. ఆయన గురించి మా ఇంట్లో మిగిలింది ఆ వెక్కిరింపు పేరొక్కటే.

డెబ్బైల చివర మదనపల్లెలో బీఎస్సీ చదివినవాళ్లు మీలో ఉంటే ఆయన్ని మరిచిపోయి ఉండరు. పాఠం మధ్యలో బస్సు హారను మోగితే ఆగి, "పో నాయనా, నువ్వు పొయ్యినాకే సెప్తా" అనేవారు. ఒకరోజు రేడియో దూరదర్శినుల గురించి చెప్పారు. రెండింటిని ఎంత దూరంగా పెట్టి కలిపితే ఆకాశంలో అంత సన్నటి వివరం తెలుస్తుందట. మధ్యన వైరు ఉండాలి కాబట్టి ఆ దూరానికి హద్దుందన్నారు. నేను లేచి, వైరెందుకు సార్, రెండుచోట్లా టేపుకెక్కించి తర్వాత కలపకూడదా అన్నాను.

"పుంగనూరులో సగం పాట, కుప్పంలో సగం పాట రికార్డు చేసి, మదనపల్లెలో కలిపి ఇంటావామ్మా?"

సారూ నవ్వారు, క్లాసంతా నవ్వింది. టేపురికార్డరన్న పేరు ఆ రోజే పడింది. నేను మళ్లీ ఏదీ అడగలేదు.

కొన్నేళ్లకు కుప్పంలో సైన్సు టీచరునయ్యాను. ఒక మధ్యాహ్నం ఎనిమిదో తరగతి గుమ్మంలో సారు నిలబడి ఉన్నారు. అప్పటికి రిటైరయ్యారు. పలమనేరులో బస్సు మారి వచ్చారు, చొక్కా వీపుకు అంటుకుపోయింది. చేతిలో ఒక సైన్సు పత్రిక.

"నువ్వడిగిందే నిజమమ్మా. నేను నవ్విన దినానికే వాళ్లు ఆ పని సేస్తాండారు. నాకే తెలీలేదు. ఇది సదివినాక అన్నం దిగలే."

"దానికి ఇంత దూరం యాల సార్?"

"నవ్వింది అందరి ముందర గదా. ఒప్పుకునేదీ అందరి ముందరే. ఈళ్లకు నువ్వే సెప్పు."

పత్రిక నా చేతికిచ్చి, వెళ్లి చివరి బెంచీలో, మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నారు.

పత్రిక చూస్తూ చెప్పాను. వేరువేరు ఖండాల మీది దూరదర్శినులు, ఎంతో దూరపు గెలాక్సీ నడుమ వెలిగే ఒకే క్వేజారును వింటాయి. విన్నది అణుగడియారం సమయంతో సహా టేపులకెక్కుతుంది. అన్నీ ఒకచోట కలిపితే భూమంత వెడల్పున్న దూరదర్శినితో చూసినట్టే. క్వేజారు నడిబొడ్డు కనిపిస్తుంది. అంతేకాదు, ఖండాలు ఏడాదికి చేతిగోరు పెరిగినంత జరగడం కూడా దానితోనే కొలుస్తారు.

"ఏమన్నా అడుగుతారా?" అన్నాను.

ఒక్కరూ కదల్లేదు. అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. అలా కూర్చోబెట్టింది నేనే. సిలబస్సులో లేనిది అడిగితే నేను చూసే చూపు వాళ్లకు తెలుసు. సారు ఆ వీపులన్నిటినీ చూసి, తర్వాత నన్ను చూశారు. నా చెవులు కాలిపోయాయి.

అప్పుడు చివరి బెంచీలో ఆయన చెయ్యెత్తి లేచారు.

"ఆ క్వేజారు జరగలేదు, మనమే జరిగినామని యెట్ల తెలిసిందమ్మా వాళ్లకు?"

"తెలీదు సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. "తెలీదంటే తప్పేం లేదమ్మా," అన్నారాయన, నవ్విన వైపు చూడకుండా. "నాకూ తెలీదు."

టీచరు చెప్పేదాకా బడిలో ఎవరూ కూర్చోరు. ఆయనా కూర్చోలేదు. కూర్చో అనలేను. కూర్చోండి అంటే ఆయన మళ్లీ సారైపోతారు. పిల్లల తలల మీదుగా, ఎత్తిన చెయ్యి సగం దించి, నా మాట కోసం ఎదురుచూస్తూ ఆయన అలాగే నిలబడి ఉన్నారు.