కొడిమ్యాలామె చెప్పని పేరు

నా ఎం.ఏ. ఎకనామిక్స్ డిసర్టేషన్‌లో ముప్పై ఎనిమిది మంది బీడీలు చుట్టే ఆడవాళ్ల గురించి రాశాను. వాళ్లలో ఒక్కరి పేరు కూడా అందులో లేదు. అప్పట్లో అది నా చేతగానితనం అనుకున్నాను. సిగ్గుపడ్డాను, ఆ ఆడవాళ్ల మీద కోపం కూడా తెచ్చుకున్నాను. ఇన్నేళ్లకు తలుచుకుంటే మాత్రం, పేర్లు లేకపోబట్టే కదా ఇవాళ ఇంత నిమ్మళంగా కూర్చుని రాయగలుగుతున్నాను అనిపిస్తుంది.

మాది సిరిసిల్ల. మరమగ్గాలను మా ఊళ్లో సాంచలంటారు. బాపు ఒక సేటు దగ్గర సాంచలు నడిపేవాడు. ఆ చప్పుడులో పెరిగినదాన్ని కాబట్టి నాకు గట్టిగా మాట్లాడటం అలవాటు, ఎదుటివాళ్లు నసిగితే విసుగు. మా వాడకట్టులో ఎం.ఏ. దాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. దాంతో తలకు కొంచెం పొగరు ఎక్కిన మాట కూడా నిజమే. "మా బిడ్డ పెద్ద సదువు సదువుతున్నది" అని బాపు అందరికీ చెప్పుకునేవాడు. ఏం చదువని అడిగితే మాత్రం "పైసల సదువు" అనేవాడు. "గయితే పైసలెట్ల సంపాయించాల్నో జెప్తరా అండ్ల?" అని వాళ్లు అడిగితే బాపు నా వైపు చూసేవాడు. నేను పుస్తకం వైపు చూసేదాన్ని.

రెండో ఏడాది చివర డిసర్టేషన్ ఇవ్వాలి. అది ఇవ్వకపోతే రిజల్టు రాదు. అంతేకాదు, మనుషులను కలిసి నింపిన ప్రశ్నావళి కాగితాలు అసలువి జతచేయాలి, లేకపోతే ఇంట్లో కూర్చుని రాసుకున్నదే అంటారు. కోరుట్ల దగ్గర ఒక పల్లెలో మా మేనత్త ఉండేది. ఆమె వాడలో ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లు, ఎండాకాలం అడవికి పోయి ఆ బీడీలకు వాడే తునికాకు తెంపేవాళ్లు. తిండికి, పడకకు అత్త ఇల్లు ఉంది, మనుషులు ఒకే గల్లీలో దొరుకుతారు. ఇంతకంటే ఏం కావాలి? 'బీడీ కార్మిక స్త్రీల ఆదాయ స్థితిగతులు' అని ఘనంగా ఒక పేరు పెట్టి, అట్టకు క్లిప్పు తగిలించి బయలుదేరాను.

అవి అన్నలు, అంటే నక్సలైట్లు, తిరిగే రోజులు. దొరలు కొందరు గడీలకు తాళాలేసి పట్నం పోయారు. పొద్దుగూకితే బస్సులు నడిచేవి కావు. పల్లె గోడల మీద ఎర్రరాతలుండేవి, రోడ్ల మీద పోలీసులుండేవారు, కొత్త మనిషి కనిపిస్తే అటు అన్నలకూ ఇటు పోలీసులకూ అనుమానమే. నాకవేవీ పట్టలేదు. నేను చదువుకునేదాన్ని కదా, నన్నెవరేమంటారు అనుకున్నాను.

మొదటి కాగితంలో మొదటి కాలమ్ దగ్గరే బండి ఆగిపోయింది. ఒడిలో చాట పెట్టుకుని, ఆకులో తంబాకు వేసి చుడుతున్న పెద్దామెను "నీ పేరేంది అవ్వా?" అని అడిగాను.

"కొడిమ్యాలామె అంటరు బిడ్డ."

"అది మీ తల్లిగారి ఊరు. నీ పేరు అడుగుతున్న."

"గదే రాయి. ఈడ అందరు గట్లనే పిలుస్తరు."

అది నిజమే. మా వైపు పల్లెల్లో కోడలై వచ్చినామెను పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తారు. మా అత్త అక్కడ సిరిసిల్లామె. పక్కింటామె బోయినపల్లామె. నన్ను కూడా ఎవరూ పేరడగలేదు, 'సిరిసిల్ల పిల్ల' అనేశారు.

సరే, ఊరు అని అడిగితే "కొడిమ్యాల" అంది. ఇప్పుడుండే ఊరు కాదా అంటే, "ఇది అత్తగారి ఊరు. నాది కొడిమ్యాలనే" అంది. భర్త పేరు అడిగితే ఆడవాళ్లంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. "మొగని పేరు జెప్తె ఆయుష్షు తక్కువైతదే పిల్లా! పెద్దోని నాయిన అని రాయి." అలా ముప్పై ఎనిమిది కాగితాల్లో ముప్పై ఎనిమిది మంది పెద్దోని నాయినలు, చిన్నదాని నాయినలు. చివరికి మా అత్త పేరు నాకు తెలుసు కాబట్టి రాయబోతే, ఆమె నా చేయి పట్టుకుని ఆపింది. "నాది గూడ గట్లనే రాయి. నేనేమన్న ఎక్కువనా?"

తలకొట్టుకుని అలాగే రాశాను. మిగతా ప్రశ్నలకు మాత్రం గలగలా చెప్పారు. రోజుకు ఎన్ని చుడతారు, బాగాలేవని కార్ఖానాలో ఎన్ని తీసి పారేస్తారు, మెడ నొప్పి ఎప్పటినుంచి, అన్నీ. ఆఖరి పేజీలో నేను సొంత తెలివితో ఒక ప్రశ్న చేర్చాను: 'తునికాకు కట్ట రేటు ఈ మధ్య పెరగడానికి కారణం?' మా పాఠాల్లో అయితే గిరాకీ, సరఫరా అని జవాబు రావాలి. వాళ్లు చాట మీంచి తల కూడా ఎత్తకుండా చెప్పారు: "ఇంకేం కారణం? అన్నలు జెప్పిన్రు, కంట్రాక్టరు పెంచిండు." ఎవరి నోట విన్నా అదే మాట. వాళ్లు ఎట్లా అన్నారో అట్లాగే, ఒక్క అక్షరం మార్చకుండా రాసుకున్నాను. నిజాయితీగల పరిశోధకురాలిని కదా!

కాగితాలు చూసి మా గైడు సారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఏమిటమ్మా ఇది? రేపు ఎగ్జామినర్ వచ్చి ఈ కొడిమ్యాలామె ఎవరని అడిగితే ఏం చెప్తావు? సర్వే చేసిన ఊరి పేరేది? పెద్దోని నాయిన ఏమిటి? మళ్లీ వెళ్లు. పేర్లు రాసుకునిరా."

ఉక్రోషంతో మళ్లీ కోరుట్ల బస్సెక్కాను. రెండు రోజులు ఆ గల్లీలో ఇంటింటికీ తిరిగాను, బతిమిలాడాను, కసిరాను కూడా. "మీ పేర్లు లేకపోతె నాకు డిగ్రీ రాదు!" అని కొడిమ్యాలామె ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆమె నాకు చాయ పోసి ఇచ్చింది, తలకు నూనె రాసింది. పేరు మాత్రం చెప్పలేదు. ఇంత మొండితనమా, వీళ్లెన్నడు బాగుపడాలె అని తిట్టుకుంటూ, కాగితాల కట్ట సంచీలో కుక్కుకుని ఇంటిదారి పట్టాను.

కోరుట్ల నుంచి జగిత్యాల పోయే బస్సును మధ్యలో ఒకచోట ఆపారు. పోలీసులు ఎక్కారు. సంచులన్నీ విప్పించారు. నా సంచీలో అంత లావు కట్ట చూసి నన్ను దింపారు. బస్సు వెళ్లిపోయింది. ఎస్సై నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాడేమో. మాటలో మా వైపు యాస లేదు. యూనివర్సిటీ కార్డు చూశాడు, సరేనన్నట్టు తలాడించాడు, కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాడు. మెడ నొప్పి దగ్గర నవ్వాడు. ఆఖరి పేజీ దగ్గర నవ్వు ఆగిపోయింది.

"అన్నలు చెప్పారు..." అని పైకే చదివాడు. ఇంకో కాగితం తీశాడు. ఇంకోటి. "అందరూ ఇదే చెప్పారా?"

అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో. అన్నల మాట నడుస్తుందని ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్లు ఒప్పుకున్నట్టు నా చేతులతో నేనే రాసి, కట్టగట్టి తెచ్చి ఇచ్చాను. వాళ్లను ఠాణాకు ఈడ్చుకొస్తారా? కొడతారా? అన్నలకు అన్నం పెట్టింది ఎవరు, కబురు చేరేసింది ఎవరు అని అడుగుతారా?

ఆయన మొదటి పేజీకి వచ్చాడు. "కొడిమ్యాల... బోయినపల్లి... ఇంకా ఇవన్నీ వేరే వేరే ఊళ్లు. ఇన్ని ఊళ్లు తిరిగావా నువ్వు?"

కాదు సార్, అదంతా ఒకటే గల్లీ. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి నా నోరు నా మాట విని మూసుకుంది. తర్వాత అదే నోరు, "తిరిగిన సార్" అంది.

కాగితాలు ఉంచుకున్నాడు. వారం తర్వాత మీ నాన్నను తీసుకుని రమ్మన్నాడు.

ఇంటికి పోయి ఏడుస్తూ అంతా చెప్పాను. బాపు అంతా విని ఒక్క మాట అడిగాడు. "కాయితాల గురించి ఏడుస్తున్నవా బిడ్డ, ఆడోళ్ల గురించి ఏడుస్తున్నవా?"

నిజం చెప్పాలంటే దారిపొడుగునా రెండింటికీ ఏడ్చాను, ముందు కాగితాలకే. బాపు అలా అడిగాక ఇక కాగితాలు గుర్తు రాలేదు. అత్తకు కబురు పంపుదామంటే, ఎవరు పోయినా వాళ్ల వెనకాలే పోలీసులు పోతారేమోనని భయం. ఆ వారం మా ఇంట్లో సరిగ్గా తిన్నవాళ్లు లేరు. సైకిల్ చప్పుడైతే చాలు, అత్త ఊరి నుంచి ఎవరైనా వచ్చారేమోనని నా పై ప్రాణాలు పైనే పోయేవి. వాళ్ల పేర్లు చెప్పమని నేను ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చి నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపించేది.

వారం తర్వాత బాపూ నేనూ ఠాణాకు పోయాం. ఎస్సై కట్టను బల్ల మీద పడేశాడు.

"ఏం సర్వే అమ్మా ఇది? కొడిమ్యాలకు మనిషిని పంపాను. కొడిమ్యాలామె ఎవరని అడిగితే, ఈ ఊళ్లో ఉన్నవాళ్లంతా కొడిమ్యాల వాళ్లే కదా అన్నారట! బోయినపల్లిలో కూడా అంతే. పెద్దోని నాయిన ఎవరని అడిగితే నవ్వారట. ఒక్కరి పేరు సరిగ్గా రాయలేదు. నీకు డిగ్రీ ఎవరిస్తారు?"

అచ్చం మా సారు తిట్టినట్టే తిట్టాడు. సారు తిట్టినప్పుడు మండిపోయిన నాకు, ఈ తిట్లు చెవిలో చల్లగా పడ్డాయి. ఇంకా తిట్టు సార్, సాయంత్రం దాకా తిట్టు అనుకున్నాను. "ఆ చివరి పేజీ ఇంకెక్కడా నాకు కనపడకూడదు" అని కట్ట నా వైపు తోశాడు.

మెట్లు దిగుతుంటే వెనకాల నుంచి ఒక ముసలి కానిస్టేబుల్ వచ్చి బాపు దగ్గర బీడీ అడిగాడు. కొడిమ్యాలకు పోయి వాకబు చేసింది ఆయనేనట. మాట మా వైపు మాటే. బీడీ ముట్టించుకుని, ఎటో చూస్తూ మెల్లగా అన్నాడు. "మా ఇంటామెను గూడ మా ఊళ్లె బోయినపల్లామె అనే అంటరు. ఇగ పోండ్రి, బస్సు టైమైంది."

బాపు ఆయన చేతిలో బీడీ కట్ట మొత్తం పెట్టాడు. బస్సులో కూర్చున్నాక నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు ఏడుపైంది, మళ్లీ నవ్వైంది. బాపు కిటికీ వైపు తిరిగి ధోతీ కొసతో కళ్లు తుడుచుకున్నాడు. అంత తేలికగా నేను మళ్లీ ఎప్పుడూ ఊపిరి తీసుకోలేదు.

ఇంటికి రాగానే ఆఖరి పేజీలు ముప్పై ఎనిమిదీ పొయ్యిలో పెట్టాను. మిగిలినదాంతోనే డిసర్టేషన్ రాశాను. వైవాలో ఎగ్జామినర్ పేర్ల సంగతి అడగనే అడిగారు. "వాళ్లు చెప్పలేదు సార్" అన్నాను. వివరాలు అసంపూర్తి అని రాసి, మార్కులు కోసి, పాస్ చేశారు. పాసయ్యానా లేదా, అంతే నాకు కావలసింది.

వేడి చల్లారేదాకా ఆ ఊరికి పోవద్దని బాపు అన్నాడు కాబట్టి, రిజల్టు వచ్చాకే అత్త దగ్గరికి వెళ్లాను. అట్ట లేదు, పెన్ను లేదు. గల్లీలో అందరి ముందు జరిగిందంతా చెప్పి, తప్పయింది అన్నాను. చాటల మీద చేతులు ఆగాయి. ముందుగా కొడిమ్యాలామె నవ్వింది.

"ఠాణోళ్లు మా తల్లిగారి ఊరికి పోయిన్రా? మా వదినె చాయన్న పోసిందో లేదో!"

"నవ్వకు అవ్వా. మొగని ఆయుష్షు అని మీరు పేరు జెప్పలే గనుక బతికిపోయినం. లేకుంటె?"

ఆమె నా వంక జాలిగా చూసింది. "ఓట్ల కాడ జెప్తలేమా బిడ్డ? దవాఖానల జెప్తలేమా? రేషన్ కార్డు మీద ఎవ్వల పేరున్నది? నువ్వు మంచి పిల్లవే. గని నీ చేతుల కాయితమున్నది. గా కాయితం ఏడికి పోతదో నీకే తెల్వది. మాకేం తెలుస్తది?"

మా అత్త వైపు చూశాను. ఆమె బీడీకి దారం చుడుతూ, "నాది గూడ గట్లనే రాయమంటి గదా" అంది.

అందరికీ తెలుసు. ఆ గల్లీకి తెలుసు, కానిస్టేబుల్‌కు తెలుసు. తెలియంది ఎం.ఏ. చదివిన నాకొక్కదానికే. ఉడుక్కోవాల్సిందే గానీ, ఆ క్షణంలో నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. వాళ్లను కాపాడే బాధ్యత నా ఒక్కదాని నెత్తి మీదే ఉందనుకుని నలిగిపోయాను. వాళ్ల జాగ్రత్త మొదటి రోజు నుంచీ వాళ్ల దగ్గరే ఉంది.

"ఇప్పుడు కాయితం లేదు. ఇప్పుడన్న జెప్తవా?" అని అడిగాను.

కొడిమ్యాలామె నా రెండు చేతులూ తిప్పి చూసింది. తర్వాత తంబాకు వాసన వేసే చేత్తో నా మెడ దగ్గరికి లాక్కుని, చెవిలో తన పేరు చెప్పింది. మొగుడి పేరు కూడా చెప్పింది. ఆయన ఆయుష్షుకేం కాలేదు, ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఆమె వెనకాల బోయినపల్లామె వచ్చింది, ఆమె వెనకాల ఇంకొకామె.

ఆ పేర్లన్నీ నాకిప్పటికీ గుర్తున్నాయి. ఎక్కడా రాయలేదు.