స్కోపు కింద నూనె

నిన్న గుడివాడలో కళ్ళజోళ్ళ షాపాయన నా ఫ్రేము స్క్రూ బిగించే ముందు దాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. అది చూసేసరికి పాత తుపాకి ఒకటి గుర్తొచ్చింది.

అప్పట్లో బందరులో పోలీసు తుపాకులు మరమ్మతు చేసే ఉద్యోగం నాది. మా ఆవిడ చెల్లెలు అక్కడే కానిస్టేబులు. అవనిగడ్డ పక్క పల్లెలో చర్చి పాటలు పాడుతూ పెరిగిన మనిషి, రైఫిలు పట్టిందంటే ఊపిరి కూడా లెక్కగా వదిలేది. పోలీసు షూటింగు పోటీల రాష్ట్ర జట్టు ఎంపికకు ముందురోజు కొత్త స్కోపు వచ్చింది. దూరపు గురిని దగ్గరగా చూపించే ఆ గొట్టాన్ని ఆమె తుపాకికి నేనే బిగించాను. గోడకు మేస్త్రీ తూకం దారం వేలాడదీసి, లోపలి నిలువు గీత దానికి సరిపోయేదాకా ఓపిగ్గా తిప్పాను. ఆమె పడుకుని కన్ను ఆనించి చూసి, "బావగారూ, కింది పట్టీ స్క్రూలకి నూనె తుడిచారా?" అంది. "ఇరవై ఏళ్ళుగా ఇదే పని కదమ్మా," అన్నాను. తుడవలేదు.

మర్నాడు పొద్దున సముద్రం వైపు మైదానంలో, వంద మీటర్ల దగ్గర అయిదు గుండ్లూ రూపాయి బిళ్ళంత మేరలో పడ్డాయి. నా చెయ్యి మీసం మీదికి వెళ్ళింది. అసలు పోటీ మూడువందల మీటర్లకి. మొదటిది మధ్యలో పడింది. రెండోది ఎడమకి, మూడోది కిందికి, నాలుగోది అట్ట అంచుకి పోయాయి. "గాలండీ," అన్నాను ఎంపిక చూస్తున్న అధికారితో. జెండా గుడ్డ కదలడం లేదు. ఆమె తుపాకి నా చేతికిచ్చింది. స్కోపు నా వేళ్ళ కింద బియ్యపుగింజంత కదిలింది. నూనె జారుడుకి, పేలిన ప్రతిసారీ స్క్రూలు వదులవుతూ వచ్చాయన్నమాట. "సామాను సరిగా ఉందా?" అని అధికారి అడిగారు. లేదని చెబితే ఆమెకు మళ్ళీ కాల్చే అవకాశం ఇస్తారు. నాకు మాత్రం పనిలో పొరపాటుకి అప్పటికే ఒక మెమో ఉంది. ఇంకోటి వస్తే ఉద్యోగమే పోవచ్చు. ఆమె నా మొహం చూసి, "తుపాకి బానే ఉంది సార్. నాకే ఊపిరి కుదరలేదు," అంది. నేను తల వంచుకున్నాను. ఆమె పేరు కొట్టేశారు.

బయటికొచ్చాక, "మీ ఉద్యోగానికేమన్నా అయితే అక్క తట్టుకోలేదండీ. నాకు వచ్చే ఏడుందిగా," అంది. ఆ ఏడు రాకముందే బందోబస్తు తోపులాటలో ఆమె భుజం కీలు జారింది. మళ్ళీ పోటీకి వెళ్ళలేదు.

రిటైరయ్యాక ఆ అధికారి ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, కాఫీ ఇప్పించారు. ఆ పోటీయే ఆయనకు గుర్తు లేదు. నిజం చెప్పడానికి నాకు ధైర్యం వచ్చేసరికి, దానితో పనున్న కాలం వెళ్ళిపోయింది.