పసుపు పెట్టిన స్టాంపులు

రాజ్యశ్రీ గొప్పలు మొదలుపెడితే ఇసార్ నది కూడా కాసేపు ఆగి వినాల్సిందే. జర్మనీలో, ఉంటర్‌ఫ్యోరింగ్‌లో తను పనిచేసే ఆఫీసులో, లంచ్ బల్ల దగ్గర ఆమె చెప్పినవి నమ్మితే, కరీంనగర్‌లో ఆమె మేనత్త ఛాయాదేవి ఒక్క స్టాంపు కోసం పోస్ట్‌మ్యాన్ వెంట గోదావరి ఒడ్డు దాకా సైకిలు తొక్కింది. ఇంకోదాని కోసం పెళ్లి పీటల మీంచి లేచి, ముహూర్తాన్ని కాసేపు ఆగమంది. ముహూర్తం ఆగిందట కూడా!

ఇందులో ముప్పాతిక కోతలే. అత్త పోయాక ఆల్బమ్ మాత్రం నిజంగానే రాజ్యశ్రీ చేతికొచ్చింది. వెనక అట్ట జేబులో అత్త మడిచిపెట్టిన పసుపు పొట్లంతో సహా.

హైడెల్‌బర్గ్‌లో స్టాంపు సేకర్తల సంఘమొకటి ప్రదర్శన పెడుతోందని తెలియగానే, అందులో అత్త పేరుతో ఒక అద్దాల బల్ల సంపాదించాలని పట్టుబట్టింది. పట్టుబట్టి ఊరుకుందా? "అక్కడి పెద్దమనిషి మా అత్త ఆల్బమ్ ముందు లేచి నిలబడకపోతే నా పేరు మార్చుకుంట" అని ఆఫీసంతా చాటేసింది.

హైడెల్‌బర్గ్‌లో ఎమ్మెస్ చదివే పిన్ని కొడుకు అఖిలేష్ ఫోన్ చేశాడు. "అక్కా, టెర్మిన్ దొరికింది, శనివారం రమ్మన్నరు. కానీ స్టాంపులు చూసే ఆయన మస్తు కిరికిరి మనిషంట."

"మా అత్త ముందు ఆయనెంత రా?"

శనివారం ఇద్దరూ వెళ్లారు. గుమ్మంలో వచ్చినవాళ్లందరికీ తలా ఒక కొత్త స్టాంపు కానుకగా ఇస్తున్నారు. లోపల క్లింగ్‌మన్ అనే ముసలాయన భూతద్దం, చిన్న పట్టకారు, స్టాంపులు తడిపే స్పాంజి గిన్నె ముందు పెట్టుకుని, న్యాయమూర్తిలా కూర్చున్నాడు.

మొదటి పేజీ తిప్పాడు. అంచుల పళ్లు ఒక్కటీ విరగలేదు. వెనక జిగురు చెక్కుచెదరలేదు. "నిజాం కాలంది ఇంత తాజాగా నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. రాజ్యశ్రీ మెడ జానెడు పొడుగైంది.

అంతలో భూతద్దం ఒక మూల దగ్గర ఆగింది. పక్క స్టాంపు మూలకు జరిగింది. పేజీ తిప్పితే అక్కడా అదే. ప్రతి స్టాంపు కింది మూలన ఆవగింజంత పచ్చని చుక్క.

"ఏమిటిది? టీ మరకా?"

"పసుపు" అంది రాజ్యశ్రీ తనకొచ్చిన జర్మన్‌లో. "మా ఇళ్లల్లో కొత్త బట్ట కట్టుకునే ముందు మూలన పసుపు పెడతాం. మా అత్తకు ఇంటికొచ్చిన స్టాంపు కూడా కొత్త బట్టే."

క్లింగ్‌మన్ భూతద్దం దించాడు. "అయ్యో, అన్నీ చెడగొట్టింది! మరకలు తీసే మనిషి మా దగ్గరున్నాడు. కడిగిస్తే ముందు వరుసలో ఒక బల్ల మీకే. లేకపోతే ప్రదర్శనకు పనికిరావు."

అఖిలేష్ చెవిలో గొణిగాడు. "ఇజ్జత్ పోతదక్కా. ఆఫీసుల అందరికి చెప్పినవ్. కడిగియ్యి, ఎవరికి తెలుస్తది?"

"అత్తకు తెల్వదా?"

రాజ్యశ్రీ చుట్టూ చూసి, ముందు వరుసలోని ఒక అద్దాల బల్ల వైపు వేలు చూపింది. "ఆ స్టాంపులో రాజుగారి మొహం నిండా నల్లటి మసి గుద్దారు. దాన్నెందుకు కడిగించలేదు?"

"అది తపాలా ముద్ర! ఆ స్టాంపు ఏ ఊళ్లో వాడారో చెబుతుంది."

"ఈ చుక్క ఏ ఇంటికొచ్చిందో చెబుతుంది."

"నిబంధనల్లో అలాంటి ముద్ర లేదు మేడమ్."

"లేకపోతే చేర్చుకోండి."

ఆమె అట్ట జేబులోంచి పొట్లం తీసింది. ఆయన స్పాంజికే వేలు తడిపి, పసుపులో అద్ది, గుమ్మంలో ఇచ్చిన కానుక స్టాంపు మూలన నింపాదిగా చుక్క పెట్టింది. "ఇదిగో, ఇప్పుడు నేను కూడా చెడగొట్టాను. రాసుకోండి."

నిగనిగలాడే కొత్త స్టాంపుకు పట్టిన గతి చూసి క్లింగ్‌మన్ కెవ్వుమని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

రాజ్యశ్రీ ఆ స్టాంపును ఆల్బమ్ చివర, అత్త ఖాళీగా వదిలిన గడిలో దోపింది. ఆల్బమ్ చంకలో పెట్టుకుని వచ్చి, గుమ్మం బయట బెంచీ మీద అందరికీ కనబడేలా తెరిచి, పక్కనే కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

"సోమవారం ఆఫీసుల ఏం చెప్తవక్కా?" అన్నాడు అఖిలేష్ దిగులుగా.

"ఏముంది రా? లేచి నిలబడ్డడా లేదా? పేరు మార్చుకునే పనే లేదు."