ఆరో భాగం చూసి వస్తుంటే

మా తమ్ముడికి ప్రాణమైన కార్ల సినిమాకు ఆరో భాగం వచ్చింది. మొదటి భాగం నాకూ ఇష్టమే, అబద్ధమెందుకు? అందులో ఒక మెకానిక్, ఒక పాత కారు. టైరు పంక్చరైతే హీరోనే జాకీ పెట్టి మార్చుకుంటాడు. రెండోది పర్వాలేదు. మూడోది శుద్ధ దండగ. నాలుగో దాంట్లో కార్లు మేడల మీద నుంచి దూకడం మొదలైంది, రెండో భాగంలో కాలి చచ్చినవాడు బట్టలు దులుపుకుని తిరిగొచ్చాడు. అప్పటి నుంచి ఆ సినిమాల్లో చావుకు విలువ లేకుండా పోయింది. మావాడికి నచ్చింది సరిగ్గా అదే.

"అక్కా, గిండ్ల ఎవ్వడు సావడు. సచ్చినోడు గూడ పై పార్టుల మళ్ల వస్తడు," అనేవాడు.

వాడికి భూపాలపల్లి బొగ్గు గనిలో ఉద్యోగం. నేను మహబూబాబాద్‌లో టీచర్ని. దేవరుప్పులలో అమ్మ కిరాణా దుకాణం నడుపుతుంది. ఆ ఎండాకాలం వాడొక పాత కారు కొన్నాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించాడు, మెరిసే సీటు కవర్లు వేయించాడు. ఆ కవర్ల కిందే వెనక సీటు బెల్టుల కొక్కేలు కప్పబడిపోయాయి. ఇదేం తెలివిరా అని తిట్టాను.

"ఎనక కూసున్నోళ్లకు బెల్టెందుకక్కా?" అన్నాడు.

అమ్మనూ నన్నూ జనగామకు మ్యాట్నీకి తీసుకెళ్లాడు. తెర మీద కారు ఆనకట్ట మీద నుంచి లోయలోకి దూకింది. హీరో భుజం మీది దుమ్ము దులుపుకున్నాడు. హాలంతా ఈలలు. నేను పక్కకు తిరిగి తమ్ముణ్ని చూశాను. వాడి కుడికాలు యాక్సిలరేటర్ మీద ఉన్నట్టే నేలను అదిమి తొక్కుతోంది.

తిరుగు దారిలో ఇంకా ఎండ ఉంది. యాసంగి పంట వడ్లు సగం రోడ్డు మీద ఆరబోసి, అంచుకు రాళ్లు పేర్చారు. ఒక ముసలావిడ పాదాలతో వడ్లు తిరగేస్తూ నడుస్తోంది. తమ్ముడు ముందున్న ట్రాక్టరును దాటబోయాడు. ఎదురుగా లారీ. చటుక్కున వడ్ల మీదికి తిప్పి బ్రేకు తొక్కాడు.

వడ్ల మీద బ్రేకు తొక్కకూడదని మా వైపు సైకిల్ నేర్చుకునే పిల్లకు కూడా తెలుసు. కారు అడ్డంగా జారింది. రాళ్లు ఎగిరిపడ్డాయి. అమ్మ నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. కారు ఆగేసరికి ముసలావిడ మోకాళ్లకూ బంపరుకూ మధ్య జానెడు లేదు.

ఆమె బానెట్ మీద అరచేత్తో చరిచింది. "కండ్లు నెత్తికెక్కినయారా? నేను సస్తె మళ్ల పుట్టిస్తవా?"

"ఏం గాలే గద అవ్వా!" అని మావాడు నవ్వాడు.

నేను దిగి, వాణ్ని కిందికి లాగి చెంప మీద ఒక్కటిచ్చాను. అయినా నవ్వుతూనే ఉన్నాడు. నిజంగా ఏమీ కాలేదనే అనుకుంటున్నాడని అప్పుడు అర్థమై, లారీని చూసినప్పటికంటే ఎక్కువ భయపడ్డాను.

"తాళం ఇయ్యిరా. బస్సుల పోతం," అన్నాను.

వాడు ఇవ్వలేదు. అమ్మ నుదుటి బొప్పి మీద కొంగు అదుముకుంటూ దిగింది. నాతో వస్తుందనుకున్నాను. ముందు తలుపు తీసి, వాడి పక్క సీట్లో కూర్చుంది.

"నువ్వు బస్సుల రా బిడ్డా. నేను పక్కన కూసుంటె జర మెల్లగ నడుపుతడు," అంది.

ఆ రోజు ఇద్దరూ క్షేమంగానే ఇల్లు చేరారు. కానీ అప్పటి నుంచి, సెలవు అయిపోయి వాడు భూపాలపల్లికి బయల్దేరిన ప్రతిసారీ అమ్మ దుకాణం మూసి కారెక్కుతుంది. వాణ్ని అక్కడిదాకా దిగబెట్టి, మోకాళ్ల నొప్పులతో బస్సులు మారుతూ ఒక్కతే తిరిగొస్తుంది. వాడికది సంబరం, అమ్మకు కారంటే మోజనుకుంటున్నాడు.

మొన్న ఫోన్లో అడిగేశాను. "ఎన్ని దినాలే అమ్మా గిట్ల?"

"వానికి భయం తెలిసేదాంక."

"తెలువకపోతే?"

అమ్మ తడుముకోలేదు. "గప్పుడు వాని పక్కన నేనుంట గద."