అందరికీ టెర్మిన్ తీసిన అక్క

ఆ మంగళవారం పొద్దున నేను సూపర్‌మార్కెట్‌లో ఖాళీ సీసాలను డబ్బు వెనక్కిచ్చే మెషీన్‌లో వేస్తున్నాను. ఫోన్ మోగింది. అక్క కూతురు. "ఆంటీ, అమ్మ పోయింది," అంది. వెనక వరసలో ఉన్న పెద్దాయన గొంతు సవరించుకుంటుంటే, సంచిలో మిగిలిన మూడు సీసాలు కూడా మెషీన్‌లో వేసేశాను. ఎందుకు వేశానో తెలియదు. బయటికొచ్చి స్టేషన్ దాకా నడిచాక గాని ఏడుపు రాలేదు.

అక్క అంటున్నానే గాని మాకు చుట్టరికం ఏమీ లేదు. జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో మేం రెండో అంతస్తు, ఆవిడ మొదటి అంతస్తు. ఆవిడది కరీంనగర్ వైపు, నాది తెనాలి దగ్గర. నా మాట విని, సినిమాలో మాట్లాడినట్టు మాట్లాడతావని వెక్కిరించేది. భర్త పక్క ఊరు జిండెల్ఫింగెన్‌లో ఇంజనీరు. తొమ్మిదేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు. కర్మకాండలయ్యాక ఇక సామాను సర్దుకుని ఇండియా వెళ్ళిపోతుందని అందరం అనుకున్నాం. ఆ సోఫా ఎవరికిస్తుందో కూడా కొందరు మాట్లాడేసుకున్నారు. ఆవిడ కదలలేదు. పిల్ల చదువు ఇక్కడే అని తేల్చి చెప్పి, చిన్నపిల్లల బడిలో, ఇక్కడ కిటా అంటాం, వంటింట్లో పనికి కుదురుకుంది.

జర్మన్ అక్కడే నేర్చుకుంది. పుస్తకం ముట్టలేదు. కూరగాయల పేర్లు, గిన్నెల పేర్లు, తిట్లు ముందుగా వచ్చాయి. మిగతాది తర్వాత వచ్చింది. వ్యాకరణం సంగతి దేవుడెరుగు, అవతలి మనిషికి మాత్రం అర్థమై తీరేది. అర్థం కాకపోతే ఆవిడ ఒప్పుకునేది కాదు. కౌంటర్ దగ్గర నిలబడి అదే మాట నాలుగోసారి చెప్పేది, ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా.

శనివారాలు నేను ఇంగ్లీషు క్లాసు నడుపుతాను. జర్మనీలో కూర్చుని ఇంగ్లీషు చెప్పడమేమిటని మీరు నవ్వొచ్చు, మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. ఇక్కడికొచ్చిన మన ఆడవాళ్ళలో చాలామంది తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళు. భర్తలు ఆఫీసులో ఇంగ్లీషుతో నెట్టుకొస్తారు. వీళ్ళకు జర్మన్ ఒంటబట్టడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఆలోగా డాక్టరు దగ్గరైనా, పిల్లల బళ్ళోనైనా నాలుగు ముక్కలు ఇంగ్లీషులో చెప్పుకోగలిగితే బతికిపోతారు. చర్చి వాళ్ళిచ్చిన గదిలో ఏడెనిమిది మందిమి కూర్చునేవాళ్ళం. నిజానికి అక్కకు ఆ క్లాసు అక్కర్లేదు. కూతురు హానోవర్ యూనివర్సిటీకి వెళ్ళిపోయాక శనివారం ఇల్లు కరుస్తోందని వచ్చేది. అందరికన్నా పది నిమిషాలు ముందొచ్చి, కుర్చీలు వేసి, ఫ్లాస్కులో అల్లం టీ తెచ్చేది. చక్కెర ఎక్కువ వేస్తుంది. తగ్గించమని నేను అడుగుతూనే ఉన్నాను, ఆవిడ వింటూనే ఉంది, చక్కెర మాత్రం తగ్గలేదు.

నాలుగేళ్ళ కిందట ఒక శనివారం, మదనపల్లె అమ్మాయి ఒకతె ఆరోగ్య బీమా వాళ్ళ ఉత్తరం తెచ్చి, ఇదేమిటో చెప్పమంది. ఇక్కడ ఉత్తరాలకు కొదవ లేదు. మన ఇళ్ళలో మగవాళ్ళు వాటిని చూసి, జవాబివ్వాల్సినవి పక్కన పెట్టి, మిగతావాటికి రెండేసి చిల్లులు పొడిచి ఫైల్లో పెట్టేస్తారు. ఎంతో శ్రద్ధగా పెడతారు. ఈ ఉత్తరానికీ చిల్లులున్నాయి. చదివితే, గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను ముందుగానే పట్టుకునే పరీక్ష ఒకటుంది, అది చేయించుకునే హక్కు మీకుంది అని. మీకూ వచ్చాయా అని అడిగితే అందరికీ వచ్చాయి. అన్నీ చిల్లులు పడి ఫైళ్ళలో భద్రంగా ఉన్నాయి.

ఆ రోజు పాఠం అదే అయింది. బోర్డు మీద గర్భసంచి బొమ్మ గీస్తే అది తలకిందులుగా పెట్టిన బేరిపండులా వచ్చింది. చిన్న బ్రష్‌తో ముఖద్వారం దగ్గర కాసిని కణాలు తీసి చూస్తారని, రెండు మూడు నిమిషాల పనని, నొప్పి పెద్దగా ఉండదని చెప్పాను. దీనికి కారణం ఆలుమగల కలయికలో అంటుకునే ఒక వైరస్ అని, అది ఏళ్ళ తరబడి చడీచప్పుడూ లేకుండా లోపలే ఉండగలదని, జబ్బుగా మారకముందే కనిపెడితే చిన్న చికిత్సతో పోతుందని చెప్పాను. అందరూ నేల చూపులు చూస్తున్నారు. మదనపల్లె అమ్మాయి, డాక్టరు దగ్గర తనకు భర్తే దుబాసీ అని చెప్పింది. నెలసరి ఎలా వస్తోందని డాక్టరు అడిగితే, ఆయన చెవుల దాకా ఎర్రబడి, ఆ పిల్లను అడక్కుండానే అంతా ఓకే అనేశాడట. ఆ పిల్లకు ఏదీ ఓకే కాదు. ఆ మాట మాకు చెప్పడానికే ఆమె పావుగంట తీసుకుంది.

అందుకని నాలుగు ఇంగ్లీషు వాక్యాలు నేర్పాను. ఈ పరీక్ష చేయించుకోవాలని వచ్చాను. లోపలికి ఒంటరిగా వస్తాను. నెమ్మదిగా చెప్పండి. ఫలితం ఎప్పుడు తెలుస్తుంది. అక్కను డాక్టరుగా కూర్చోబెట్టాం. మెడలో ఉన్ని కండువా స్టెతస్కోప్‌లా వేసుకుని, ఒక్కొక్కరినీ పిలిచి, వినపడట్లేదని దబాయించి, గొంతు పెంచేదాకా వదల్లేదు. "సిగ్గుపడుకుంట కూసుంటే టెర్మిన్ దొరకదు, నోరు తెరువుండ్రి," అంది. టెర్మిన్ అంటే ఇక్కడ అపాయింట్‌మెంట్. నేల చూపులు చూసినవాళ్ళు నవ్వారు. అరగంటలో ఆ గదిలో అందరికీ నోరొచ్చింది.

తర్వాత జరిగింది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. డాక్టరు దగ్గర టెర్మిన్ ఎవరెవరికి కావాలో పేర్లు రాయమని ఒక కాగితం తిప్పాను. అది వరసగా చేతులు మారుతూ అక్క దగ్గరికొచ్చింది. నేను చప్పున వంగి, ఆవిడ ముందు నుంచి ఆ కాగితం లాగి, ఆ పక్క కూర్చున్నామెకు ఇచ్చాను. "అక్కా, నువ్వు టీ పొయ్యి," అన్నాను. ఆవిడ లేచి టీ పోసింది.

భర్త పోయిన మనిషి ముందు పడకింటి సంగతి ఎత్తకూడదని నన్నెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పెరిగిన ఇంట్లో గాలిలా అలవాటైపోయింది, అంతే. ఆవిడ నొచ్చుకుంటుందని అనుకున్నాను. ఇన్నాళ్ళూ అదే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఇబ్బంది పడింది నేను. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. భర్త ఉన్నా లేకపోయినా ఈ పరీక్ష అవసరమే అన్న వాక్యం నా నోట్సులో ఉంది. నా చేత్తోనే రాసుకున్నాను. క్లాసులో దాన్ని చదవలేదు. చదివితే అందరి కళ్ళూ అక్క మీదికి తిరుగుతాయని దాటేశాను.

టెర్మిన్లు తీసే పని మాత్రం అక్కే నెత్తినేసుకుంది. పొద్దున ఎనిమిదింటికి లైను తెరవగానే కిటా వంటింట్లోంచే ఫోన్ చేసేది. వాళ్ళు నాలుగు నెలల తర్వాత రమ్మంటే, ఈవిడ బతిమాలి, దబాయించి, మళ్ళీ బతిమాలి ఆరు వారాలకు దింపేది. సెలవు రోజు చూసుకుని తనే వెంట వెళ్ళేది. బీమా కార్డు తెచ్చుకున్నావా అని బస్సెక్కక ముందు ఒకసారి, ఎక్కాక ఒకసారి అడిగేది. వెయిటింగ్ రూంలో వేయించిన పల్లీలు పంచేది. రిసెప్షన్ అమ్మాయికి కూడా పెట్టేదట. ఆ అమ్మాయి ఈవిణ్ణి ఏదో సంస్థ తరఫున వచ్చే మనిషనుకుంది. నా క్లాసులోని ప్రతి ఒక్కరినీ అక్క ఆ తలుపు దాకా తీసుకెళ్ళింది. అంతసార్లు అక్కడికి వెళ్ళే మనిషి తనూ చూపించుకునే ఉంటుందని నేను అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉండేది. అడగలేదు.

మదనపల్లె అమ్మాయి ఫలితం బాగా రాలేదు. మళ్ళీ పరీక్ష చేసి, ముఖద్వారం దగ్గర చిన్న ముక్క తీసేశారు. ఆ రోజంతా అక్క ఆసుపత్రిలోనే ఉంది, ఆ పిల్ల ఇంటికొచ్చాక వారం రోజులు వండిపెట్టింది. ఇంకో రెండు మూడేళ్ళు ఆగి ఉంటే కథ వేరేగా ఉండేదని డాక్టరు చెప్పారట. ఆ అమ్మాయి ఇప్పుడు నిక్షేపంగా ఉంది. అక్క శవపేటిక దగ్గర అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఆమె.

పోయినేడాది వేసవిలో అక్క నడుం పట్టుకుని మెట్లెక్కడం చూశాను. పెద్ద గిన్నెలు ఎత్తి ఎత్తి అలా అయిందంది. నెలసరి ఆగిపోయి మూడేళ్ళయ్యాక మళ్ళీ రక్తం కనబడుతోందని, అది ఒంట్లో వేడి అని మజ్జిగ తాగుతోందని నాకు తర్వాత తెలిసింది. ఎన్ని నెలలు మజ్జిగ తాగిందో ఎవరికీ తెలియదు. కిటాలో కళ్ళు తిరిగి పడిపోతే అంబులెన్స్‌లో తీసుకెళ్ళారు. అదే క్యాన్సర్, అప్పటికే మూత్రాశయం దాకా పాకింది. రేడియేషన్ అన్నారు, కీమో అన్నారు, చలికాలం మధ్యకొచ్చేసరికి ఇక నొప్పి తగ్గించడం ఒక్కటే చేయగలం అన్నారు. మూడు నాలుగేళ్ళ కిందట పరీక్ష చేసుంటే దొరికేదా అని వార్డులో డాక్టరును అడిగాను. చాలావరకు దొరికి ఉండేదంది.

ఆ మాట మనసులో పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. అక్క సగానికి సగం అయిపోయింది. ఎందుకు వెళ్ళలేదక్కా అని అడిగాను. అడగాల్సినప్పుడు అడగలేదు గాని, అప్పుడు అడిగాను.

"నువ్వు గా కాయిదం నా ముందలకెల్లి జరిపినవ్ గదనే," అంది. "మీ బావ పోయినంక నాకు అక్కర లేదు కావచ్చు అనుకున్న. టీచరమ్మవు, నీకు ఎర్క గదా."

నన్ను తప్పుపట్టడానికి అన్న మాట కాదది. ఆ రోజు టీలో అల్లం ఎక్కువైంది అన్నట్టు చెప్పింది. నేను ఆవిడ చేతులు పట్టుకుని, తప్పయిపోయింది అక్కా అని ఏడుస్తుంటే, ఊకోమంది. "నేను గూడ అడగకపోతి. ఊరందరిని నోరు తెరువుమని, నా ముచ్చటొచ్చేసరికి మూసుకుంటి." తర్వాత కళ్ళు మూసుకుని, శనివారం క్లాసుకు కొత్తగా ఎవరైనా వచ్చారా అని అడిగింది. ఇద్దరొచ్చారని చెప్పాను. వాళ్ళకు టెర్మిన్ తీశారా అంది.

పన్నెండో రోజు మధ్యాహ్నం నేనూ అక్క కూతురూ ఆ ఇంట్లో బట్టలు, కాగితాలు సర్దుతున్నాం. ఆ పిల్లకిప్పుడు ఇరవై రెండేళ్ళు. బీమా ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉత్తరాలన్నీ ఉన్నాయి, రిజల్ట్ ఒక్కటీ లేదు, అమ్మను మీరెప్పుడైనా అడిగారా ఆంటీ అంది. నేను దాచలేదు. కాగితం సంగతి, చదవకుండా దాటేసిన వాక్యం సంగతి, ఆసుపత్రిలో వాళ్ళమ్మ అన్న మాట, అన్నీ చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండును. ఆ ఉత్తరాలను తేదీల వరసలో సర్దడం మొదలుపెట్టింది.

ఆ పిల్లను నేను అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. పెళ్ళికాని పిల్ల. పాత అలవాటు మళ్ళీ నా నోరు నొక్కింది. ఇంకోసారి నొక్కనిస్తే నేను మనిషినే కాదనుకుని, నువ్వు చేయించుకున్నావా అని అడిగాను.

తలూపింది. ఆ వైరస్ రాకుండా టీకా స్కూల్లో ఉన్నప్పుడే వేశారట, కాగితం మీద అమ్మే సంతకం పెట్టింది, దేనికని అడగలేదు. ఇరవై దాటాక పరీక్షకు ఏటా వెళ్తోంది. హానోవర్‌లో కొత్తవాళ్ళను చేర్చుకోవడం లేదని, సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడే, వాళ్ళమ్మ మా క్లాసు వాళ్ళందరినీ తీసుకెళ్ళిన అదే డాక్టరు దగ్గరికి. అమ్మకెందుకు చెప్పలేదంటే, "నేను అక్కడికి వెళ్తున్నానంటే అమ్మ ఏమనుకుంటుందో అని భయం ఆంటీ," అంది. ఆ తర్వాత ఏడుపు మధ్యలో మిగతాది చెప్పింది.

రెండేళ్ళ కిందట, సెమిస్టర్ సెలవుల్లో, తన టెర్మిన్‌కు వెళ్ళి తలుపు తీస్తే వెయిటింగ్ రూంలో వాళ్ళమ్మ కూర్చుని ఉంది, పక్కన మా క్లాసామె ఎవరో. అమ్మ చూడలేదు. ఈ పిల్ల గబగబా మెట్లు దిగి, రోడ్డుకు అవతల బేకరీలోకి వెళ్ళి నిలబడింది. పావుగంట తర్వాత వాళ్ళిద్దరూ బయటికొచ్చారు. వాళ్ళమ్మ ఆ వచ్చినామె కోటుకు గుండీలు పెట్టి, బస్సెక్కించి, చెయ్యూపింది. తను ఎక్కలేదు. బస్సు కదిలాక వెనక్కి తిరిగి డాక్టరు ఉన్న బిల్డింగు వీధి తలుపు దాకా నడిచింది. అమ్మ లోపలికెళ్తే ఇక నా టెర్మిన్ పోయినట్టే అని విసుక్కుంటూ ఈ పిల్ల బేకరీ అద్దంలోంచి చూస్తోంది. అక్క తలుపు పిడి మీద చెయ్యి వేసి, అలాగే నిలబడి, నిలబడి, చెయ్యి తీసేసి, తర్వాతి బస్సెక్కి వెళ్ళిపోయింది.