బానెట్ మీద పసుపు చెయ్యి

మా ఇంటాయన బతికున్నప్పుడు భద్రాచలం రోడ్డున కిరాయికి నడిపిన అంబాసిడర్ కారు మాది. ఆయన పోయినంక తుప్పు పట్టింది. తుక్కుకు అమ్ముదామని కొడుకన్నడు. నేను వద్దని, పామాయిల్ గెలలమ్మిన పైసలతో ఖమ్మంల బాగుకిచ్చిన.

డెంటింగు, పెయింటింగుకే లక్షా ఇరవై వేలన్నడు మేస్త్రీ. "ఏంది నాయనా, కారు కొన్ననాడు కూడా గింత కాలే!" అన్న.

"అది ఫ్యాక్టరీల మిషన్లు చేసినయి పెద్దమ్మా. ఇది నా చేతులు చెయ్యాలె" అన్నడు.

పోయిన ఎండకాలం, చూసిపొమ్మని ఫోనొస్తే కొడుకుతో పోయిన. కారు పాలమీగడ లెక్క మెరుస్తున్నది. "రంగు పచ్చిగున్నది, రేపు తీస్కపోండ్రి. ముట్టొద్దు" అని మేస్త్రీ చాయ్ తాగనీకి బయటికి పోయిండు.

పసుపు పెట్టకుండా బండిని ఇంటికెట్ల తెచ్చుడు? రేపు కారు తీస్కరానీకి కొడుకొక్కడొస్తే చాలు, పసుపు పెట్టనీకి నేను గూడ మళ్లా వస్తే బస్సు కిరాయి దండగ. దేవుని పసుపుకు పట్టింపేంది అనుకొని, కొంగుల ముడేసి తెచ్చిన పసుపు తడిపి, బానెట్ మీద అయిదు వేళ్లూ గట్టిగ అద్దిన. చెయ్యి తీస్తే రంగు వేళ్లతోటే లేచొచ్చింది.

మేస్త్రీ వచ్చి నెత్తి పట్టుకొని కూసున్నడు. "బానెట్ మొత్తం గీకి మళ్లా కొట్టాలె. ఇంకో పదిహేను వేలు."

"నిన్నెందుకు తెచ్చిన్నే అమ్మా!" అని కొడుకు మొత్తుకున్నడు.

సిగ్గుతో తల ఎత్తలేకపోయిన. కానీ ఆ పదిహేను వేలు మాత్రం ఇయ్యలే. గట్లనే ఇంటికి తెచ్చుకున్నం.

ఎండకూ, వానకూ, మా అడవి దుమ్ముకూ ఆగాల్సిన రంగు ముసలిదాని అయిదు వేళ్లకే ఆగకపోతే, గన్ని పైసలు దేనికిచ్చినట్టో నాకిప్పటికీ సమజ్ కాలేదు. మీకెవరికన్నా తెలిస్తే చెప్పండి.