మౌస్ నా చేతిలో ఉన్నన్నాళ్ళూ

2023వ సంవత్సరం. హిందూపురం బస్టాండుకు రెండు వీధుల అవతల, మందుల షాపు పైన నా కంప్యూటర్ సెంటర్. ఎనిమిది కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఎండాకాలం వచ్చిందంటే మమ్మల్ని ఉడకబెట్టే రేకుల కప్పు. సెంటర్ పెట్టకముందు పద్నాలుగేళ్ళు డీటీపీ చేశాను. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు కంప్యూటర్లో కూర్చి అచ్చుకు పంపే పని అది. కీబోర్డు వైపు చూడకుండా తెలుగు కొట్టడంలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని నాకు బాగా పొగరు ఉండేది. ఇప్పుడు రాస్తున్నది ఆ పొగరు గురించే.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం పొద్దున ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చారు. నూలు చీర, మెడ చుట్టూ కప్పుకున్న కొంగు, చేతిలో నోటుపుస్తకం. "ఏం కావల్లమ్మా?" అని అడిగితే పెదవులు కదిలాయి గానీ మాట నాకు అందలేదు. కింద వీధిలో ఆటోల చప్పుడు. లేచి దగ్గరికి వెళ్ళాక, గొంతులోంచి గాలి మాత్రమే వస్తున్నట్టు ఒక గుసగుస వినిపించింది.

"నేను సోషల్ టీచరప్పా. పాఠం కంప్యూటర్లో తయారు చేసేది నేర్పిస్తారా?"

ఆమె పేరు వరలక్ష్మి. ఇల్లు ధర్మవరంలో, భర్తది మగ్గం పని. పెనుకొండ దగ్గర ఒక పల్లెలోని ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతారు. ఏడాది కిందట మెడలో గడ్డకు బెంగళూరులో ఆపరేషన్ జరిగింది. గడ్డ పోయింది, దాంతోపాటు గొంతూ పోయింది. మైకు పెట్టి చూశారట. గాలి శబ్దమే పెద్దదై పిల్లలు బెదిరిపోయారట. ఇంకా నాలుగేళ్ళ సర్వీసు మిగిలి ఉంది. హెడ్మాస్టరు మంచివాడే, కానీ పదో తరగతి ఫలితాలకు పైవాళ్ళకు జవాబు చెప్పుకోవలసినవాడు. దసరా సెలవుల లోపల పదో తరగతికి ఒక పాఠం చెప్పి చూపించమన్నాడు. పిల్లలకు అర్థమైతే సరే, లేకపోతే ఆమెను ఆఫీసు పనికి మార్చమని రాస్తానన్నాడు.

"ఆఫీసులో కూచోబెట్టినా జీతమొస్తాది. నాకు క్లాసు గావల్ల" అన్నారామె. "మూడో బెంచీ దాకా గూడా పోదు నా మాట. తెర మీద రాసిందైతే ఆఖరు బెంచీకి గూడా కనపడతాది గదా."

ధర్మవరంలోనూ సెంటర్లు ఉన్నాయి కదా, ఇంత దూరం ఎందుకని అడిగాను. "ఆడ అందరికీ తెలిసినదాన్ని. నేర్చుకోలేకపోతే నగుబాటు" అన్నారు.

ప్రతి ఆదివారం రైల్లో వచ్చేవారు. పవర్‌పాయింట్‌తో మొదలుపెట్టాను. పాఠాన్ని ఒక్కొక్క పేజీగా, అంటే ఒక్కొక్క స్లైడుగా, తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్ అది. ఆమెకు మౌస్ పట్టడమే కొత్త. క్లిక్ చేయబోతే వేలు జారి ఫైలు ఇంకెక్కడికో పోయేది. నాకేమో ఓపిక తక్కువ. వెనక నిలబడి రెండు నిమిషాలు చూసేవాణ్ణి. మూడో నిమిషంలో "ఇట్లియ్యండి మేడం" అని మౌస్ తీసేసుకునేవాణ్ణి. తెలుగు టైపింగైతే ఆమె చేత చేయించనే లేదు. ఆమె నోటుపుస్తకంలో రాసుకొచ్చింది నేనే పదిహేను నిమిషాల్లో కొట్టిపడేసి, "చూసినారా, అయిపోయింది" అనేవాణ్ణి.

"నేను జేస్తే గదప్పా నాకొచ్చేది" అన్నారు ఒకసారి.

"టైము లేదు మేడం, ముందు పాఠం కానియ్యండి" అన్నాను.

ఆరు ఆదివారాల్లో ఇరవై రెండు స్లైడుల పాఠం తయారైంది. మన ప్రాంతంలో వానలు ఎందుకు తక్కువ అనేది విషయం. పడమటి కనుమలు, మబ్బులు, ఎగిరొచ్చి వాలే బాణం గుర్తులు, పేరాలు పేరాలుగా వివరణ, పెళ్ళిపత్రికకు తీసిపోని రంగులు. పెన్ డ్రైవులో వేసి చేతికిచ్చాను.

"మా బళ్ళో గోడకు వేలితో తాకితే పనిచేసే పెద్ద స్క్రీనుండాది. ముందే దాంట్లో ఒకసారి ఏసి చూసుకోవల్లనా?" అని అడిగారు.

"ఏం అక్కర్లేదు మేడం. యాడైనా తెరుచుకుంటాది" అన్నాను.

ఆ గురువారం పదకొండు గంటలప్పుడు కొత్త బ్యాచికి ఎక్సెల్ చెబుతున్నాను. తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే గాలి చప్పుడు, వెనక పిల్లల గోల. "హలో, ఎవరు? గట్టిగా మాట్లాడండి" అన్నాను. మళ్ళీ గాలే. పెట్టేశాను. వెంటనే ఇంకోసారి మోగింది. "మాట్లాడేదుంటే మాట్లాడు, లేదంటే పెట్టెయ్" అని కసిరి మళ్ళీ నేనే పెట్టేశాను. బ్యాచిలో వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆదివారం ఆమె వచ్చారు. తిట్టలేదు. పెన్ డ్రైవు బల్ల మీద పెట్టి, నోటుపుస్తకం తెరిచి చూపించారు. బడి స్క్రీను మీద కనిపించిన మొదటి లైనును ఉన్నదున్నట్టు చేత్తో దించుకొచ్చారు. ఇంగ్లిషు అక్షరాలు, నడుమ నడుమ డాలరు గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలు. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇరవై రెండు స్లైడులూ అంతేనట.

చూడగానే నాకు విషయం తెలిసిపోయింది. డీటీపీలో మేము వాడేవి పాత పద్ధతి ఫాంట్లు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో అది తెలుగు, లేనిచోట పిచ్చిరాత. ఈ సంగతి నాకు డీటీపీ మొదలుపెట్టిన నాటి నుంచీ తెలుసు. కానీ నా పని ఎప్పుడూ నా కంప్యూటర్లో మొదలై కాగితం మీద ముగిసేది. అచ్చయిన కాగితానికి ఫాంటుతో పనిలేదు. నేను కొట్టింది ఇంకొకరి తెర మీద తెరుచుకోవాలన్న ఆలోచనే నాకు అలవాటు లేదు.

"క్లాసులో ఏమైంది మేడం?"

"ఏముండాది. హెడ్మాస్టరు వెనక బెంచీలో కూచున్నారు. పిలకాయలు తెర చూసి నవ్వినారు. ఏది నొక్కల్లో నాకు తెలీదు. లెక్కల టీచరు ఫోను అడుక్కోని వరండాలో నుంచి మీకు చేస్తి." పెన్ డ్రైవు నా వైపు జరిపారు. "మీకు వినపళ్ళేదు."

గొంతు పోయిన మనిషి దారి చూపమని నా దగ్గరికి వస్తే, గట్టిగా మాట్లాడమని కసిరి ఫోను పెట్టేసినవాణ్ణి నేను. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

"ఇట్లయితాదని మీకు ముందే తెలుసునా?" అని అడిగారు.

అబద్ధం చెప్పడానికి దారి ఉంది. బడి స్క్రీనుకు వైరస్ పట్టిందంటే ఆమె నమ్మేవారు. చెప్పుకోలేనిదాన్నంతా వైరస్ నెత్తిన వేయడం మా వృత్తిలో మామూలే. ఆ రోజు ఎందుకో దానికి నోరు రాలేదు. "తెలుసు మేడం. తప్పు నాదే. ఫోను పెట్టేసిందీ నేనే" అన్నాను.

ఆమె కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. "ఈసారి మీరు ముట్టుకోవద్దండి. నోటితో చెప్పండి. నేను జేస్తా."

మర్నాడు సెంటర్ మూసి పెనుకొండ బస్సెక్కాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా వెళ్ళాను. అక్కడి నుంచి ఆటోలో ఆ పల్లె చేరి హెడ్మాస్టరుకు జరిగింది చెప్పాను. మేడం తప్పు లేదు, తప్పుడు ఫాంటులో కొట్టి ఇచ్చింది నేను, ఇంకొక్క అవకాశం ఇవ్వండని అడిగాను. ఆయన అంతా విన్నాడు.

"తప్పు నీదే అనుకో. తెర ముందర నిలబడిండేది ఆయమ్మ గదప్పా. నీదేం పాయ?"

ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"పిలకాయలు నవ్వితే ఆయమ్మకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. నేను చూళ్ళేక బయటికొచ్చేస్తి. ముప్పై ఏండ్లు పాఠం చెప్పిన మనిషి" అని ఆయన గోడ మీది క్యాలెండరు చూశాడు. "సెలవులయినాక ఇంగొక్కసారి. అంతే. మళ్ళా అడగొద్దు."

ఈసారి యూనికోడ్‌తో మొదలుపెట్టాం. ఏ యంత్రంలో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి అది. ఇంగ్లిషు అక్షరాలతో అమ్మ అని కొడితే తెర మీద తెలుగులో అమ్మ అని పడుతుంది. మొదటి ఆదివారం గంటన్నరలో ఆమె కొట్టింది నాలుగు లైన్లు. ఒత్తు పడాల్సిన చోట పడక, కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టి. నా చేతులు ఊరుకోకపోతే తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నేర్పేవాడికి అంత కష్టమైన పని ఇంకొకటి లేదు. మౌస్ లాక్కుంటే క్షణంలో అయ్యే పనికి ఆమెకు పావుగంట పట్టేది. కానీ మరుసటి ఆదివారం ఆ పని గురించి మళ్ళీ అడిగేవారు కాదు.

అన్నీ తానే చేసుకోవడంతో పాఠం తీరే మారిపోయింది. నేను పేరాలు నింపిన చోట ఆమె ఒక్కొక్క స్లైడుకు ఒక్కొక్క ప్రశ్న పెట్టారు. ఎగిరే బాణాలు తీసేశారు. ఎందుకని అడిగితే, "అంతా రాసిపెడితే పిలకాయలు మూగమొద్దుల మాదిరి చూస్తా కూచుంటారు. ప్రశ్న పెడితే వాళ్ళే నోరు తెరుస్తారు" అన్నారు. తయారైన స్లైడులను ప్రతి సోమవారం బడి విడిచిపెట్టాక ఆ గోడ స్క్రీను మీద తెరిచి చూసుకునేవారు. పాఠం చెప్పడం ఆమెకు తెలుసు, నాకు తెలియదు. ఆ చిన్న సంగతి నా బుర్రకెక్కడానికి అంతకాలం పట్టింది.

సెలవులయ్యాక ఆ పాఠం రోజున హెడ్మాస్టరు అనుమతితో నేనూ వెనక బెంచీలో ఆయన పక్కన కూర్చున్నాను. మొదటి స్లైడు పడింది. "మన ఊరికి వాన ఎందుకు తక్కువ?" ఆమె నోరు మెదపలేదు. చేత్తో అక్షరాలు చూపించారు. పిల్లలంతా ఒక్కసారిగా చదివారు. తర్వాత చేతులు లేచాయి. "మబ్బులు ఆ పక్క కొండల్లోనే కురిసేస్తాయి మేడం!" అంది రెండో బెంచీలో ఒక పాప. ఆమె తలూపి స్క్రీనును తాకారు. కనుమల బొమ్మ వచ్చింది. అట్లా ఒక్కొక్క ప్రశ్నకు క్లాసంతా చదవడం, వాదులాడుకోవడం, ఆమె వేలితో సరిచేయడం. నా పేరాలు ఉండి ఉంటే ఈ గొంతులు ఒక్కటీ లేచేవి కాదు.

తొమ్మిదో స్లైడు దగ్గర ఫైలు తనంతట తానే మూసుకుపోయింది. తెర అంతా నీలం. నాకు తెలియకుండానే నేను సగం లేచాను. హెడ్మాస్టరు నా చొక్కా పట్టి లాగి, "కూచో" అన్నాడు.

ఆమె తెర వైపు ఒక నిమిషం చూశారు. పెన్ డ్రైవు ఫోల్డరు వెతికి తెరిచారు. అందులో ఫైలు పట్టుకున్నారు. ఒకటి, రెండు, మూడు అని స్లైడులు జరుపుకుంటూ పోయి తొమ్మిది దగ్గర ఆగారు. అంతసేపూ పిల్లలు ఆమె వేలినే చూశారు. ఒక్కరూ నవ్వలేదు. ఆమె నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నా కళ్ళు తడిశాయి, దాచుకోలేదు.

బెల్లు కొట్టాక హెడ్మాస్టరు ఆమె దగ్గరికి వెళ్ళి, "సోమవారం నుంచి ఎనిమిదో తరగతి గూడా మీరే తీసుకోండి మేడం" అన్నాడు.

గేటు దాకా ఆమె నాతో వచ్చారు. అప్పుడు అడిగాను, నేను ఇంత చేసినా మళ్ళీ నా దగ్గరికే ఎందుకు వచ్చారని. సెంటర్లు ఇంకా ఎన్నో ఉన్నాయి కదా అని. ఆమె మాట వినడానికి వంగడం అప్పటికి నాకు అలవాటైంది.

"ఆపరేషనైనాక ఎంతమంది డాక్టర్ల దగ్గరికి తిరిగినానో. గొంతు ఎందుకు పాయనంటే ఒకరు నీ ఒంటి తత్వం అనిరి, ఒకరు గాచారం అనిరి. మావల్ల ఇట్లాయ అని ఎవురూ అనలేదప్పా. తప్పు నాదే అని నా మొగం ముందర చెప్పింది మీరొక్కరే. తప్పు యాడుండాదో చెప్పేవాడు నేర్పిస్తే నిలుస్తాదనుకున్యా."

ఆమె ఇంకా ఆ బళ్ళోనే పాఠాలు చెబుతున్నారు. ఆ తర్వాత నా దగ్గరికి టీచర్లు చాలామంది వచ్చారు. ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతున్నాను, ఇది ఎక్కడ, ఏ తెర మీద తెరుస్తారని. రెండోది ఎవరికీ చెప్పను, నాకు నేనే చెప్పుకుంటాను. ఎవరైనా నా ముందు తడబడితే ఇప్పటికీ నా చెయ్యి మౌస్ మీదికి పోతుంది. దాన్ని వెనక్కి తీసుకోవడం నేను ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.